ముహూర్తం వేళ లెన్స్‌ మొరాయిస్తే..!

బళ్లారి, యానాం: జీలకర్ర బెల్లం పెట్టేది ఒక్కసారే. మాంగల్యధారణా అంతే. సరిగ్గా ఆ క్షణంలో కెమెరా తెర మీద ‘ఎర్రర్‌’ అని పడితే ఫొటోగ్రాఫర్‌ గుండె జారిపోతుంది. పంతులుగారు మళ్లీ మొదలుపెట్టరు కదా! ఆ ఒక్క ఫొటో లేకపోతే పెళ్లివారు మిగతా డబ్బులు ఇవ్వరు సరికదా, నలుగురిలో మాట పడాలి. బళ్లారి నుంచి బరంపురం దాకా తెలుగువారి పెళ్లిళ్లను నమ్ముకున్న స్టూడియోల వాళ్లకు కెమెరా కన్నా లెన్స్‌తోనే తంటా.

చాలాసార్లు దొంగ ఎక్కడుంటాడంటే, జూమ్‌ లెన్స్‌ లోపలి రిబ్బన్‌లో. కాగితమంత పల్చటి తీగపట్టీ అది. జూమ్‌ తిప్పిన ప్రతిసారీ ముడుచుకుని విచ్చుకుంటుంది. వేలసార్లు మడతపడ్డాక ఒకచోట చిట్లుతుంది. చిత్రమేమిటంటే లెన్స్‌ పూర్తిగా చావదు. అపర్చర్‌ పూర్తిగా తెరిచి తీస్తే ఫొటో వస్తుంది, కాస్త మూసి గ్రూప్‌ ఫొటో తీయబోతే మొరాయిస్తుంది. పీటల మీద అలా జరిగితే అపర్చర్‌ను అతి తక్కువ నంబరుకు తెచ్చి కానిచ్చేయొచ్చు. తర్వాత రిపేరు తప్పదు. రిబ్బన్‌ కన్నా విప్పి బిగించే కూలే ఎక్కువ. అద్దాలు సరిగ్గా కుదరకుండా బిగిస్తే ఫొటోలో ఓ పక్క మసకబారుతుంది. ఆ గొడవ వేరు.

ఇక ప్లాస్టిక్‌ సంగతి. కెనాన్‌ వారి చవక ‘ఫిఫ్టీ’ లెన్స్‌నే చూడండి. 1987లో వచ్చినప్పుడు దాని మౌంట్‌ లోహంతో ఉండేది. 1990లో వచ్చిన రెండో రకానికి ప్లాస్టిక్‌ పెట్టారు. మళ్లీ లోహం వచ్చింది 2015లోనే. ఆ పాతికేళ్లూ చేయి జారి కింద పడి రెండు ముక్కలైన లెన్స్‌లు ఎన్నో! అయినా ప్లాస్టిక్‌ను పూర్తిగా తిట్టనక్కర్లేదు. తేలిక, చవక. ఆ ధర వల్లే కొత్త కుర్రాళ్లు వృత్తిలోకి రాగలిగారు.

ఊరిని బట్టి రోగం మారుతుంది. బళ్లారి, సండూరు వైపు ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము. జూమ్‌ గొట్టం ముందుకూ వెనక్కూ కదిలితే సైకిల్‌ పంపులా గాలిని లోపలికి లాగుతుంది. దాంతోపాటే దుమ్మూ. నాలుగు రేణువులు చేరినంత మాత్రాన ఫొటో చెడిపోదు గానీ, తిప్పుడు రింగులో చేరితే గరగరమంటూ పట్టేస్తుంది.

గౌతమి ఒడ్డున యానాంలో, సముద్రం దగ్గరున్న బరంపురంలో చెమ్మ బెడద. లోపలి అద్దం మీద సాలెగూడులా బూజు అల్లుకుంటుంది. తొలిదశలో తుడిస్తే పోతుంది. ముదిరితే అద్దంపై పూతనే తినేస్తుంది, ఇక ఏం చేసినా మరక మరకే. విలువైనదని తోలుసంచిలో పెట్టి బీరువాలో దాస్తారు చూడండి, బూజుకు అంతకన్నా సుఖమైన ఇల్లు లేదు. ఏసీ హాలు నుంచి తెల్లవారుజామున పందిట్లోకి వస్తే అద్దం మీద నీటిపొర పడుతుంది. కాసేపు సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. డ్రై కేబినెట్‌ కొనలేకపోతే, గట్టి మూతున్న ప్లాస్టిక్‌ డబ్బాలో సిలికా జెల్‌ పొట్లాలు వేసి పెట్టినా పని జరుగుతుంది. తేమ 40–50 శాతం మధ్య ఉంటే చాలు. పొట్లాలను అప్పుడప్పుడూ వేడిచేసి ఆరబెట్టాలి.

రిపేరుదీ ఓ కథ. బళ్లారి వాళ్లు 300 కిలోమీటర్లు దాటి బెంగళూరు పోవాలి. సీజన్‌లో వారాలు ఆగితే ఆ వారాల ముహూర్తాలు పోయినట్టే. బిల్లు లేకుండా తక్కువకొచ్చిందని కొంటే వారంటీ కూడా ఉండదు.

ఒక ఊరట. మిర్రర్‌లెస్‌ కెమెరాల లెన్స్‌లు కొన్ని, పవర్‌ ఆపి ఊపితే లోపల గడగడమంటాయి. ఫోకస్‌ అద్దాలను పట్టి ఉంచేది కరెంటే కాబట్టి ఆ చప్పుడు. విరిగిందనుకుని రిపేరుకు పరుగెత్తనక్కర్లేదు.