జడగట్టిన బొచ్చు

పొడుగు బొచ్చుగల పిల్లిని బెంచు నింటిలో ముందుగా దాచవలసినది కత్తెర. చంకలయందును చెవుల వెనుకను బొచ్చు జడగట్టినపుడు దానిని పైకి లాగి కత్తిరింప బోవుదుము. పిల్లి చర్మము మిక్కిలి పలుచన. జడతోడనే యదియు లేచివచ్చును. బొచ్చెక్కడ ముగిసినదో, చర్మమెక్కడ మొదలైనదో కంటికి దెలియదు. ఒకమారు నా చేతనే యిట్టి గాయమైనది. ఆ పిల్లి నెలదినములు నా యొడి కెక్కలేదు.

తడిసిన చిక్కు మరింత బిగియును గాన స్నానమునకు ముందే దువ్వవలెను. జడ మొదలు వ్రేళ్లతో నదిమిపట్టి, కొనలనుండి కొంచెము కొంచెముగా విడదీసినచో నొప్పి తగ్గును. అప్పటికిని విడనిదానిని పని నేర్చినవారిచే యంత్రముతో దీయించుటయే మేలు. ధర యెక్కువయని యింటివారు గొణుగుదురు. గాయమునకు కుట్లు వేయించుటకంటె నది చవుకయే గదా!

కుక్కకు వేరొక యాపద. పామరేనియను కుక్కకు పైన బిరుసుగను లోపల మెత్తగను రెండు పొరల బొచ్చుండును. వేసవియని జాలిపడి దానిని నున్నగా గొరిగింతురు. ఆ బొచ్చే చర్మమున కెండ తగులకుండ గాచునది. గొరిగినపిదప మునుపటివలె మొలవకయు బోవచ్చును. లోపల రాలియున్న మెత్తని బొచ్చును దువ్వి తీసిన జాలును, గాలి యాడును.