పేరు పెట్టి ఏడిపిస్తే అది జోక్ కాదు: నీనా దావులూరి అనుభవం, రెడ్డిగూడెం పిల్లలకు అవసరమైన పాఠం

2013 సెప్టెంబర్ 15 రాత్రి. అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో ఓ తెలుగమ్మాయి తలపై మిస్ అమెరికా కిరీటం పెట్టారు. ఆమె పేరు నీనా దావులూరి, వయసు 24 ఏళ్లు. భారతీయ మూలాలున్న అమ్మాయికి ఆ కిరీటం దక్కడం అదే మొదటిసారి. ఆమె తల్లిదండ్రులు విజయవాడ ప్రాంతం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవారు. విజయవాడలో మాంటిస్సోరి విద్యాసంస్థలను స్థాపించిన వి. కోటేశ్వరమ్మ ఆమెకు అమ్మమ్మ. ఎన్నో తరాల ఆడపిల్లలకు చదువు చెప్పించినందుకు ఆమెకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

కిరీటం పెట్టిన కొద్ది నిమిషాలకే ట్విట్టర్‌లో తిట్లు మొదలయ్యాయి. కొందరు నీనాను అరబ్ అన్నారు, కొందరు టెర్రరిస్టు అన్నారు. అల్ ఖైదా పేరు తగిలించి వెక్కిరించారు. సెప్టెంబర్ 11 దాడుల వార్షికోత్సవం అయి నాలుగు రోజులే గడిచింది కాబట్టి దాన్ని కూడా ఆమెకు అంటగట్టారు. ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్‌లో. చదివింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో. చర్మం రంగు ఒక్కటి చూసి ముక్కూముఖం తెలియని వేలమంది ఆమె ఎవరో తేల్చేశారు.

అందాల పోటీలు ముస్లిం ఇళ్లలో చాలామందికి నచ్చవు. అది వేరే చర్చ. కానీ ఆ రాత్రి జరిగింది అందాల పోటీకి మాత్రమే సంబంధించినది కాదు. పేరు చూసి, రంగు చూసి, తలమీద గుడ్డ చూసి ఒక మనిషిని గుంపంతా కలిసి ఏడిపించడం ఎలా ఉంటుందో ప్రపంచం మొత్తం చూసింది. అదే పని చిన్న స్థాయిలో మన బడుల్లో, హాస్టళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో రోజూ జరుగుతూనే ఉంటుంది.

"ఆమె ముస్లిం కాదు" అనడం జవాబు కాదు

ఆ తిట్లకు చాలామంది మంచివాళ్లు ఇచ్చిన జవాబు ఒకటే: "ఆమె అరబ్ కాదు, ముస్లిం కాదు, హిందూ కుటుంబం అమ్మాయి." అది నిజమే. కానీ ఆ జవాబులో ఒక లోపం ఉంది. నీనా ముస్లిం అయి ఉంటే ఆ తిట్టు సరైనదేనా? ముస్లిం అనే మాటే తిట్టు అని ఒప్పుకున్నట్టు కదా?

రెడ్డిగూడెంలోనో నూజివీడులోనో తరగతిలో ఒక పిల్లాడిని "పాకిస్తానోడా" అని పిలిస్తే, వాడి స్నేహితుడు "వీడు అలాంటోడు కాదు రా" అని వెనకేసుకొస్తాడు. మనసు మంచిదే. కానీ పిల్లాడికి కావలసింది మినహాయింపు కాదు. "అలా పిలవొద్దు" అనే ఒక్క మాట వాడికి కావాలి.

నీనా ఆ తిట్లకు ఎదురు తిట్లతో జవాబివ్వలేదు. వాటిని దాటి ముందుకెళ్లాలని విలేకరులతో చెప్పి, తన పనిలో పడ్డారు. మిస్ అమెరికా పోటీలో 1989 నుంచి ప్రతి అభ్యర్థీ ఒక సామాజిక అంశాన్ని ఎంచుకుని దానిమీద పని చేయాలి. నీనా ఎంచుకున్నది భిన్న సంస్కృతులను అర్థం చేసుకోవడం, గౌరవించడం. చిన్నప్పుడు బడిలో తన ఇంటి గురించి, ఆచారాల గురించి తోటిపిల్లలు అడిగిన తెలిసీతెలియని ప్రశ్నలే తనను దానివైపు నడిపాయని ఆమె చెప్పారు. కిరీటం ఉన్న ఏడాదంతా బడులకు, కాలేజీలకు తిరిగి అదే మాట్లాడారు.

బడి వదలాల్సి వచ్చిన అమ్మాయి

నీనా కంటే పదకొండేళ్ల ముందు ఇంకో మిస్ అమెరికా నేరుగా ఈ సమస్యనే తన అంశంగా తీసుకున్నారు. ఆమె ఎరికా హెరాల్డ్, 2003 మిస్ అమెరికా. నల్లజాతి, తెల్లజాతి, ఆదివాసీ మూలాలు కలిసిన కుటుంబం. ఇల్లినాయ్ రాష్ట్రంలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు తోటివాళ్లు ఆమెను జాతి పేరుతో వేధించారు, బెదిరించారు. చివరికి బడి మారాల్సి వచ్చింది. కొంచెం అణిగిమణిగి ఉంటే ఇలా జరగదు అన్న సలహా తిరిగి తనకే వచ్చిందని ఆమె తర్వాత చెప్పారు.

ఈ సలహా మనకు కొత్తదేం కాదు. "నువ్వే ఏదో అని ఉంటావ్", "వాళ్ల జోలికి పోకు", "సర్దుకుపో బేటా". ఇంట్లో ప్రేమతో అనే మాటలే ఇవి. కానీ దెబ్బ తిన్న పిల్లకు వినిపించేది ఒక్కటే: తప్పు నాదే. ఎరికా తర్వాత హార్వర్డ్‌లో లా చదివి లాయరయ్యారు. పిల్లల మధ్య హింస, ఏడిపించడం ఆపాలని ఊరూరా తిరిగి మాట్లాడారు. బడి మారింది దెబ్బ తిన్న అమ్మాయి. కొట్టినవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఈ తేడా తల్లిదండ్రులు గమనించాలి.

ఆటపట్టించడం వేరు, ఏడిపించడం వేరు

పిల్లలన్నాక ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. అదంతా వేధింపు కాదు. మరి గీత ఎక్కడ? నార్వేకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచి ఈ విషయం మీద పరిశోధన చేసి మూడు గుర్తులు చెప్పారు. ఒకటి, బాధపెట్టాలనే చేయడం. రెండు, మళ్లీ మళ్లీ చేయడం. మూడు, చేసేవాళ్లకూ పడేవాళ్లకూ మధ్య బలంలో తేడా ఉండడం. ఆ బలం వయసు కావచ్చు, డబ్బు కావచ్చు, గుంపు కావచ్చు. తరగతిలో అరవై మంది ఉండి అందులో ముస్లిం పిల్ల ఒక్కతే అయితే, ఆ లెక్కే ఒక బలం.

ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు అనుకుని ఇద్దరూ నవ్వితే అది ఆట. ఒకరే అంటూ, ఇంకొకరే పడుతూ, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే అది ఆట కాదు.

ఇది అరుదైన సమస్య కూడా కాదు. యునెస్కో 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకుముందు నెలలో కనీసం ఒక్కసారైనా ఇలా వేధింపుకు గురయ్యారు. అందుకే 2020 నుంచి ఏటా నవంబర్ మొదటి గురువారాన్ని బడుల్లో హింస, వేధింపుల వ్యతిరేక దినంగా పాటిస్తున్నారు.

మామిడి సీజన్, హాస్టల్ ఫోన్

రెడ్డిగూడెం మండలం చుట్టూ మామిడి తోటలే. ఏప్రిల్, మే వచ్చిందంటే కోతలు, గ్రేడింగ్, లోడింగ్, నున్న మార్కెట్ ప్రయాణాలు. తోట కౌలుకు తీసుకున్నవాళ్లకైనా, కాయ కోసే కూలీలకైనా, బండి నడిపేవాళ్లకైనా ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది. పదో తరగతి ఫలితాలు వచ్చేదీ, ఇంటర్‌కు ఎక్కడ చేర్చాలో తేల్చుకునేదీ ఆ హడావుడిలోనే. సీజన్ ముగిసే జూన్‌లో పిల్లలు నూజివీడుకో, మైలవరానికో, విజయవాడ హాస్టళ్లకో బయల్దేరతారు. మొదటిసారి ఇల్లు వదిలిన పిల్లకు కొత్త గది, కొత్త భాష, కొత్త చూపులు.

ఆ పిల్ల ఫోన్‌లో "అమ్మీ, ఇంటికొచ్చేస్తా" అంటే చాలామంది అది చదువు మీద బద్ధకం అనుకుంటారు. కొన్నిసార్లు అదే కావచ్చు. కానీ అన్నం తినబుద్ధి కావడం లేదనడం, కారణం లేకుండా కడుపునొప్పి, తలనొప్పి అనడం, పుస్తకాలు, డబ్బులు పోయాయనడం, ఫోన్ చూసి ఉలిక్కిపడడం, ఇన్నాళ్లూ వేసుకున్న హిజాబ్ ఒక్కసారిగా వద్దనడం లేదా పేరు మార్చి చెప్పుకోవడం కనిపిస్తే ఒక్కసారి ఆగి వినాలి. "ఏమైంది?" అంటే "ఏం లేదు" అనే వస్తుంది. "క్లాసులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? భోజనం ఎవరితో చేస్తావు?" అని అడిగితే అసలు సంగతి మెల్లగా బయటికొస్తుంది.

ఇంట్లో కూడా అద్దం చూసుకోవాలి

నీనా గెలిచినప్పుడు ఇక్కడ ఇంకో మాట నడిచింది: ఆ రంగుతో ఇండియాలో అయితే ఆమె అసలు గెలిచేదే కాదని. అది నిజమేనని చాలామంది ఒప్పుకున్నారు. తర్వాత నీనా చర్మం రంగు మీద వివక్షనే అంశంగా తీసుకుని "కాంప్లెక్షన్" అనే డాక్యుమెంటరీ తీశారు. తెల్లబరిచే క్రీముల అమ్మకాలను ప్రశ్నించారు.

రంగు పేరుతో ఆడపిల్లను వెక్కిరించేది బయటివాళ్లేనా? పెళ్లి సంబంధాల మాటల్లో పిల్ల ఎదుటే "కొంచెం నలుపు" అనేది ఇంటివాళ్లే. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లల్ని "ఉర్దూ రాని సాయిబులు" అని నవ్వేది కూడా తోటి ముస్లిం పిల్లలే. ఖుర్ఆన్‌లోని సూరా హుజురాత్ పదకొండో ఆయత్ సరిగ్గా దీన్నే వారిస్తుంది. ఒక వర్గం ఇంకో వర్గాన్ని ఎగతాళి చేయకూడదని, ఒకరినొకరు చెడ్డ పేర్లతో పిలుచుకోకూడదని అందులో ఉంది. ఆ మాట బయటివాళ్లకు చెప్పేముందు దస్తర్‌ఖాన్ దగ్గర పాటించాలి. ఇంట్లో నేర్చుకున్న నవ్వే పిల్లలు బడికి తీసుకెళ్తారు.

చట్టం ఏం చెబుతోంది?

చాలామంది ర్యాగింగ్ అంటే ఇంజనీరింగ్ కాలేజీల్లో సీనియర్లు చేసేదే అనుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం, 1997 అలా చెప్పలేదు. విద్యార్థికి అవమానం, చికాకు, భయం, బెదిరింపు లేదా గాయం కలిగించే ఏ పనైనా దాని కిందకు వస్తుంది. హాస్టళ్లు, ట్యుటోరియల్ సంస్థలు కూడా దాని పరిధిలోనే ఉన్నాయి. ఏడిపించి అవమానించినందుకే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. దెబ్బల తీవ్రతను బట్టి శిక్ష పెరుగుతుంది. ఫిర్యాదు వస్తే సంస్థ అధిపతి వెంటనే విచారించాలి. పైకి నిజమని కనిపిస్తే వేధించినవారిని సస్పెండ్ చేయాలి. పట్టించుకోకపోతే ఆ నేరానికి సహకరించినట్టే లెక్క.

ఏడిపించేది టీచరే అయితే? విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ ఆగవు. 2015 జూలైలో గుంటూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయ హాస్టల్‌లో ర్యాగింగ్ ఆరోపణల మధ్య ఒక విద్యార్థిని చనిపోవడం రాష్ట్రాన్ని కుదిపేసింది. అందుకే ఫిర్యాదు ఆలస్యం చేయకూడదు.

తల్లిదండ్రులు చేయవలసినవి:

- ముందు పిల్ల చెప్పేది పూర్తిగా వినాలి. "తప్పు నీది కాదు" అని నోటితో చెప్పాలి.
- తేదీ, చోటు, అన్న మాట, చూసినవాళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాయించాలి. ఫోన్ మెసేజ్‌లు తీసేయకుండా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి.
- నోటిమాటతో సరిపెట్టకుండా ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద సంతకం, తేదీ తీసుకోవాలి.
- వేధించిన పిల్లల ఇంటిమీదకు గొడవకు వెళ్లొద్దు. పిల్లల తగాదా ఊరి తగాదా అయితే నష్టపోయేది మళ్లీ ఆ పిల్లే.
- సాయానికి: పిల్లల హెల్ప్‌లైన్ 1098, కాలేజీ ర్యాగింగ్‌పై యూజీసీ నంబర్ 1800-180-5522, ఆన్‌లైన్ వేధింపులకు 1930, మనసు బాగా కుంగినప్పుడు టెలీ మానస్ 14416. ప్రాణభయం ఉంటే 112.

చూస్తున్నవాళ్ల చేతిలోనే ఉంది

కెనడాలో పరిశోధకులు బడి ఆటస్థలాల్లో పిల్లలను గమనించి 2001లో ఒక విషయం ప్రచురించారు. తోటిపిల్లల్లో ఒకరు కల్పించుకుంటే, సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఫిన్లండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన "కివా" కార్యక్రమం కూడా ఇదే నమ్మకంతో నడుస్తుంది. ఏడిపించేవాడికి కావలసింది ప్రేక్షకులు. నవ్వేవాళ్లు నవ్వడం మానేస్తే వాడి ఆట సాగదు.

నీనా విషయంలోనూ తిట్టినవాళ్ల పక్కనే అదే ట్విట్టర్‌లో "ఇది తప్పు" అని గట్టిగా చెప్పినవాళ్లు వేలల్లో వచ్చారు. మర్నాటి వార్తల్లో తలదించుకోవలసి వచ్చింది తిట్టినవాళ్లకే.

కాబట్టి ఈ జూన్‌లో పిల్లలు పెట్టె సర్దుకునేటప్పుడు "నిన్ను ఎవరైనా ఏడిపిస్తే చెప్పు" అనడంతో ఆగకూడదు. "నీ ఎదుట ఎవరినైనా ఏడిపిస్తుంటే నవ్వకు. వాళ్ల పక్కన వెళ్లి కూర్చో" అని కూడా చెప్పి పంపాలి. ఆ ఏడిపింపు పడుతున్నది ముస్లిం పిల్ల అయినా, వేరే పిల్ల అయినా.