ఇన్‌ఫ్లూయంజా – వైద్యశాలల సన్నాహము



పడిశము పట్టినదని వైద్యశాలకుఁ బోవు స్త్రీని జూచి నవ్వువారు మన యిందూరు సీమలో నిప్పటికిని గలరు. మిరియాల కషాయము త్రాగి దుప్పటి కప్పుకొన్నఁ బోవుదాని కింత యార్భాటమేల యందురు. తఱచుగా నది నిజమే. కాని యిన్‌ఫ్లూయంజా వట్టి పడిశము గాదు. 1918వ సంవత్సరమున నీ జ్వరము బొంబాయి రేవున దిగి, రైలుమార్గముల వెంట దేశమంతట వ్యాపించి, కొలఁది మాసములలో 1 కోటి 20 లక్షలకుఁ దక్కువ గాని ప్రాణములను హరించినది. మృతులలో 20 మొదలు 40 ఏండ్లలోపువారు మిక్కిలిగా నుండిరి. పురుషులకంటె స్త్రీ లెక్కువ. రోగులకుఁ బరిచర్య చేయుట తమపాలఁ బడుటయు, కఱవుకాలమునఁ దాము కడపటఁ దినుటయు నిందులకుఁ గారణములని చెప్పుదురు.

ఊరంతయు నొక్కమాఱు రోగగ్రస్త మగుటను జరకసంహిత జనపదోద్ధ్వంసన మన్నది. ముప్పు రాకమునుపే, భూమి విరసము గాకమునుపే యోషధులను సేకరింపుఁడని యాత్రేయమహర్షి గంగాతీరమున నగ్నివేశునకు బోధించెను. నేఁటి వైద్యశాలల సన్నాహ మంతయు నీ మాటకు వ్యాఖ్యానమే. మన ప్రాంతమున నీ జ్వరము వానకాలమున నొకమాఱును, చలికాలమున నింకొకమాఱును దల యెత్తును. 2015లో మూఁతపడిన బోధను చక్కెర కర్మాగారము నడచిన దినములలోఁ జెఱకు నఱకుటయు నీ చలినెలలలోనే. గుడిసెలలో నొకరి నొకరు తాఁకుచుఁ బండుకొను కూలివారి నడుమ దగ్గెట్లు ప్రాఁకునో చెప్పనేల?

కావున ఋతువు రాకమునుపే ఒసెల్టామివిర్ మాత్రలు, ఆక్సిజను, మాస్కులు కూర్చుకొనవలయును. వైద్యులకును నర్సులకును టీకా వేయవలయును. జ్వరము, దగ్గు గలవారిని వాకిటనే వేఱు వరుసలో నిలుపుదురు. లేనిచోఁ గాలు విఱిగి వచ్చినవాఁడు జ్వరము తగిలించుకొని యింటికిఁ బోవును! పిమ్మట రోగులను మూఁడు తెగలుగా విభజింతురు. స్వల్పజ్వరము గలవారు ఇంటనే యుండవచ్చును. గర్భిణులు, పసివారు, వృద్ధులు, ఉబ్బసము మధుమేహము గలవారికి జ్వరము తీవ్రము గాకున్నను మాత్ర లిత్తురు. ఆయాసము, ఎదనొప్పి, కఫమున రక్తము, గోళ్లు నీలివన్నె యగుట, మగత – వీనిలో నేది కనఁబడినను వెంటనే చేర్చుకొందురు. గొంతునుండి తీసిన నమూనాను మంచుపెట్టెలో నుంచి పరీక్షాలయమునకుఁ బంపుదురు. ఆ ఫలితము వచ్చువఱకు మందాపరు.

హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రిని బెద్దలు కోరంటి దవాఖానా యందురు. క్వారంటైను మన నోటఁ బడి కోరంటి యైనది. 2009 మే మాసమున హెచ్1ఎన్1 జ్వరము మన దేశమున మొదట గుర్తింపఁబడినది హైదరాబాదుననే. 2015 తొలిమాసములలో నది మరల విజృంభింపఁగా గాంధీ వైద్యశాలలోఁ బ్రత్యేకముగా వార్డులు నడపిరి. అట్టి వార్డులో మంచమునకు మంచమునకు నెడ ముండును, గాలి వెలుతురు లుండును, చూడవచ్చువారి నాపుదురు. ఈ కడపటి నియమము మనకు మింగుడు పడదు. ఒక రోగి వెంట నలుగురు బంధువులు, చంకలోఁ బిల్లలు, చేతిలో నన్నపు గిన్నెలు – వాకిటఁ గావలివానితో వాదము! ఆ కావలివాఁడు కాచుచున్నది మన చంకలోని పిల్లనే.

గర్భిణుల విషయ మింకొకమాఱు చెప్పక తప్పదు. కడుపులో బిడ్డ పెరుగుకొలఁది ఊపిరితిత్తులకుఁ జోటు తగ్గును. దేహము రోగము నెదుర్కొను తీరును మాఱును. అందుచేత నీ జ్వరము వారికిఁ బ్రాణాంతకము గావచ్చును. మాత్ర మొదటి 48 గంటలలోఁ బడిన మేలు. బిడ్డకుఁ గీడని భయపడి యత్తగారు మాన్పించుట, వంట ముగిసిన పిదపఁ బోవుదమని కోడలు జాగు చేయుట – ఈ రెండింటిలో నా గడియలు గడచిపోవును. ప్రాణము లేని వైరసుతోఁ జేసిన టీకాను గర్భిణులకు నే నెలలోనైన వేయవచ్చును.

బాలింతకు జ్వరము వచ్చినఁ బాలు మాన్పింప నక్కఱలేదు. చేతులు సబ్బుతోఁ గడుగుకొని, ముక్కును నోటిని మూసికొని పాలీయవచ్చును. ఆమెకు లేవ నోపిక లేనిచోఁ బాలు పిండి, ఆరోగ్యముగా నున్న యింకొకరు శుభ్రమైన గిన్నెతోను చెంచాతోను బట్టవచ్చును.