శిక్షపై రాజ్యాంగ ప్రశ్న: కాంట్వెల్ వ్యాజ్యము నేర్పు పాఠము

శిక్ష పడిన వ్యక్తి పై కోర్టులో రెండు విధములైన ప్రశ్నలు లేవనెత్తవచ్చు. "నేను ఆ పని చేశానా?" అనేది మొదటిది. "నన్ను శిక్షించిన చట్టము రాజ్యాంగమునకు లోబడి ఉన్నదా?" అనేది రెండవది. ఈ రెండవ ప్రశ్న అత్యున్నత న్యాయస్థానము ఎదుటికి ఎలా చేరుతుందో అమెరికాలోని కాంట్వెల్ వ్యాజ్యము ఆధారముగా ఇక్కడ వివరిస్తున్నాము.

1938 ఏప్రిల్ 26న కనెక్టికట్ రాష్ట్రములోని న్యూ హేవెన్ నగరములో న్యూటన్ కాంట్వెల్, అతని ఇద్దరు కుమారులు ఇంటింటికీ వెళ్లి పుస్తకములు ఇస్తూ, విరాళములు అడిగారు. వారు యెహోవా సాక్షులు. ఆ ప్రాంతవాసులలో సుమారు 90 శాతము రోమన్ కాథలిక్కులు. కుమారుడైన జెస్సీ వీధిలో ఇద్దరిని ఆపి, వారి అనుమతితోనే కాథలిక్ సంఘమును దూషించే గ్రామఫోను రికార్డు వినిపించాడు. వారు కోపించి పొమ్మనగా అతడు వెళ్లిపోయాడు.

అధికారి ధ్రువపత్రము లేకుండా విరాళములు అడిగినందుకు ముగ్గురికి పడిన శిక్షను రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము ఖాయపరచింది. శాంతిభంగ నేరమును జెస్సీ విషయములో మాత్రమే నిలిపింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ధ్రువపత్రపు చట్టము రాజ్యాంగ విరుద్ధమని వారు మొదటి కోర్టులోనే అభ్యంతరము తెలిపారు, రాష్ట్ర న్యాయస్థానములోనూ దానిని వినిపించారు. అందువలన ఆ ప్రశ్న అప్పీలుగా సుప్రీంకోర్టుకు చేరగలిగింది. శాసనముపై ఆధారపడని శాంతిభంగ నేరమును మాత్రము కోర్టు తన విచక్షణతో, సెర్షియోరరీ ద్వారా విచారణకు స్వీకరించింది.

1940 మే 20న న్యాయమూర్తి ఓవెన్ రాబర్ట్స్ ఏకగ్రీవ తీర్పు వెలువరించారు. విశ్వసించే స్వేచ్ఛ సంపూర్ణము, ఆచరించే స్వేచ్ఛకు మాత్రము నియంత్రణ ఉండవచ్చు. మోసమును అరికట్టుటకు, సమయమును, స్థలమును క్రమపరచుటకు రాష్ట్రమునకు అధికారము ఉంది. కాని ఏది మతమో ఏది కాదో ముందుగా తేల్చే అధికారమును ఒక అధికారి చేతికి ఇవ్వరాదు. జెస్సీ ఎవరినీ బెదిరించలేదు, ఎవరిపైనా చేయి చేసుకోలేదు గనుక శాంతిభంగ శిక్ష కూడా నిలువలేదు.

మన దేశములో రాజ్యాంగ వ్యాఖ్యానము ఇమిడిన ప్రశ్నపై హైకోర్టు ధ్రువీకరణతో 132వ అధికరణము క్రింద అప్పీలు చేయవచ్చు. అది లేనప్పుడు 136వ అధికరణము క్రింద ప్రత్యేక అనుమతి కోరవచ్చు. అడిగినంత మాత్రాన అనుకూల తీర్పు వస్తుందని కాదు. 1977లో స్టానిస్లాస్ వ్యాజ్యములో మన సుప్రీంకోర్టు, మత ప్రచార హక్కులో ఇతరులను మతము మార్చే హక్కు లేదని చెప్పింది.

కాంట్వెల్ కుటుంబము బోధతో మేము ఏకీభవించము. వారి రికార్డు సంఘములనే నిందించింది. అయినను కోర్టు వారి సిద్ధాంతమును తూచలేదు, వారిని శిక్షించిన విధానమునే తూచింది. మనకు నచ్చని బోధకునికి దక్కని రక్షణ రేపు మనకూ దక్కదు. కావున వ్యాజ్యము ఎదుర్కొనే కాపరులు రాజ్యాంగపరమైన అభ్యంతరమును మొదటి కోర్టులోనే, న్యాయవాది ద్వారా, వ్రాతపూర్వకముగా నమోదు చేయించుట మేలు.