గట్టు దాటిన ఆదాయం

యాసంగి కోతలు జోరందుకున్నాయంటే మిర్యాలగూడ చుట్టుపక్కల రోడ్లకు రాత్రిళ్లు కూడా తెరిపి ఉండదు. నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు ట్రాక్టర్లలో వచ్చి మిల్లుల గేట్ల ముందు బారులు తీరతాయి. ఆ వరుసలో ఏదో ఒక లోడు వెంట వెళ్లి చూడండి. వడ్లు అమ్మిన రైతు చేతికొచ్చిన డబ్బుకు ఆదాయపు పన్ను లేదు. అదే పొలం కోసిన హార్వెస్టర్ యజమానికి గంట లెక్కన ముట్టిన కిరాయికి ఉంది. బేరం కుదిర్చిన అడ్తిదారు కమీషన్‌కు ఉంది. లోడు మోసిన లారీ కిరాయికి ఉంది. మిల్లులో మర పట్టాక బియ్యం, నూక, తవుడు, ఊక అమ్మగా మిగిలిన లాభానికీ ఉంది. పంట ఒకటే అయినా పొలం గట్టు దాటగానే దాని మీద వచ్చే ఆదాయం పన్ను లెక్కలోకి వస్తుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ‘మనది వ్యవసాయ కుటుంబం, మనకు ట్యాక్స్ ఏంది’ అనే మాట తరచూ వినిపిస్తుంది. అందులో సగమే నిజం. ఇక్కడ చాలా కుటుంబాలకు ఊళ్లో నాలుగెకరాలుంటాయి, పట్నంలో ఒక దుకాణమో, ఒక లారీయో, ఒక సర్కారు ఉద్యోగమో ఉంటుంది. అలాంటి ఇల్లు గట్టుకు రెండు వైపులా కాలు పెట్టి నిలబడ్డట్టే. పన్ను చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందు గట్టు ఎక్కడుందో తేల్చుకోవాలి. సొంతంగా పండించిన పంట డబ్బు వ్యవసాయాదాయం. భూమి కౌలుకిస్తే వచ్చే కౌలు కూడా అంతే. నర్సరీలో పెంచిన మొక్కల మీద వచ్చేదీ ఆ కిందికే వస్తుంది. డెయిరీ పాలు, కోళ్ల ఫారం, చేపల చెరువు మాత్రం వ్యాపారాలు. ఇంట్లో ట్రాక్టర్ ఉందని ఇతరుల పొలాలు దున్నిపెట్టి తీసుకునే కిరాయి కూడా వ్యాపారాదాయమే. ఈ తేడా తెలియక పాల డబ్బును, ట్రాక్టర్ డబ్బును రిటర్నులో వ్యవసాయం కింద రాసేవాళ్లు తక్కువేం లేరు.

దుకాణం 9 లక్షలు, పొలం 6 లక్షలు

కొత్త పన్ను విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరానికి 4 లక్షల వరకు పన్ను లేదు. అక్కడి నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 12 లక్షల వరకు 10 శాతం, 16 లక్షల వరకు 15 శాతం, 20 లక్షల వరకు 20 శాతం, 24 లక్షల వరకు 25 శాతం, ఆపైన 30 శాతం. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే రూ.60,000 వరకు రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా అవుతుంది. ఉద్యోగులకు రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిసి ఆ గీత 12 లక్షల 75 వేలకు జరిగింది. ఈ సంగతి టీవీలు, పేపర్లు బాగానే చెప్పాయి. పొలం కూడా ఉన్నవాళ్ల సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పలేదు.

సూర్యాపేటలో ఒక ఎరువుల దుకాణదారుకు ఖర్చులు పోను 9 లక్షలు మిగిలాయనుకుందాం. ఊళ్లో పొలం మీద 6 లక్షలు వచ్చింది. ‘దుకాణం ఆదాయం 12 లక్షలకు లోపే, పొలానికి పన్ను లేదు, నాకు సున్నా’ అని ఆయన నిశ్చింతగా ఉంటాడు. లెక్క అలా సాగదు. వ్యవసాయాదాయం రూ.5,000 దాటి, మిగతా ఆదాయం 4 లక్షలు దాటితే, రేటు తేల్చడం కోసం రెండింటినీ కలుపుతారు. మొత్తం 15 లక్షల మీద పన్ను రూ.1,05,000. అందులోంచి 6 లక్షల పొలం ఆదాయానికి 4 లక్షలు కలిపి, ఆ 10 లక్షల మీద వచ్చే రూ.40,000 తీసేస్తారు. మిగిలింది రూ.65,000. రిబేటు 60 వేలకు మించి రాదు. కాబట్టి రూ.5,000, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి రూ.5,200 కట్టాలి. డబ్బు చిన్నదే. కానీ పొలం ఆదాయాన్ని రిటర్నులో చూపించకుండా దాచి, ఆ సొమ్మునే బ్యాంకులో వేసుకుంటే రేపు ‘ఈ 6 లక్షలు ఎక్కడివి’ అని నోటీసు వస్తుంది. పన్ను లేని డబ్బును దాచుకుని అనుమానంపాలు కావడం కంటే అన్యాయం ఏముంటుంది? పన్ను లేకపోయినా పొలం ఆదాయాన్ని ఏటా రాయండి. పట్టాదారు పాస్‌బుక్, అమ్మిన వడ్లకు ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో గానీ మార్కెట్‌లో గానీ ఇచ్చిన రసీదు, తక్‌పట్టీ, బ్యాంకు జమ దగ్గర ఉంచుకోండి.

ఇంకో మెలిక ఫారం దగ్గర ఉంది. చిన్న వ్యాపారుల కోసం పెట్టిన ఐటీఆర్-4, అంటే ‘సుగమ్’, వ్యవసాయాదాయం రూ.5,000 దాటినవాళ్లు వాడకూడదు. జీతగాళ్ల ఐటీఆర్-1కూ అదే నియమం. పొలం ఉన్న వ్యాపారి ఐటీఆర్-3, పొలం ఉన్న ఉద్యోగి సాధారణంగా ఐటీఆర్-2 వేయాలి. వ్యవసాయాదాయం 5 లక్షలు దాటితే భూమి ఏ జిల్లాలో ఉంది, ఎంత విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా అన్న వివరాలు కూడా అందులో నింపాలి. మన ప్రాంతంలో ఇన్ని వందల దుకాణాల వెనక పొలాలున్నా ఫైలింగ్ సెంటర్లలో ‘సుగమ్’ ఒక్కటే చకచకా నింపి పంపిస్తున్నారంటే అది సరిచేసుకోవాల్సిన విషయం.

అడ్తి దుకాణం, కిరాణా దుకాణం

చిన్న వ్యాపారికి చట్టం ఇచ్చిన మంచి వెసులుబాటు 44ఏడీ సెక్షన్. ఏడాది అమ్మకాలు 2 కోట్ల లోపు ఉంటే, లేదా నగదు వసూళ్లు 5 శాతం మించకుండా 3 కోట్ల లోపు ఉంటే, పద్దు పుస్తకాలు లేకుండానే లాభం అంచనాగా చూపొచ్చు. నగదు అమ్మకాల మీద 8 శాతం, ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం. ఏడాదికి 80 లక్షల వ్యాపారం చేసే కిరాణా దుకాణంలో 50 లక్షలు ఫోన్‌లో, 30 లక్షలు నగదుగా వస్తే లాభం 3 లక్షలు, 2 లక్షల 40 వేలు కలిపి 5 లక్షల 40 వేలు. వేరే ఆదాయం లేకపోతే కట్టాల్సిన పన్ను సున్నా. అసలు లాభం ఇంతకంటే ఎక్కువ ఉంటే ఆ ఎక్కువే చూపాలి. యూపీఐ వస్తే పన్ను పడుతుందని భయపడి క్యూఆర్ కోడ్ స్టిక్కర్ చింపేయడం తనకు తానే నష్టం తెచ్చుకోవడం. ఫోన్‌లో తీసుకుంటే లెక్కలో 2 శాతం తగ్గుతుంది.

అడ్తిదారులు మాత్రం జాగ్రత్తగా వినాలి. కమీషన్, బ్రోకరేజీ, ఏజెన్సీ ఆదాయాలకు 44ఏడీ వర్తించదు. సూర్యాపేట మార్కెట్ యార్డులో రైతు సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారి పద్దులు రాయాల్సిందే, ఖర్చులకు బిల్లులు చూపాల్సిందే. ప్లాట్ల మధ్యవర్తులకు, బీమా ఏజెంట్లకు కూడా ఇదే. డాక్టర్లకు, వకీళ్లకు, ఇంజినీర్లకు 44ఏడీఏ వేరే ఉంది. అక్కడ వచ్చిన ఫీజులో సగం ఆదాయంగా చూపాలి.

కోదాడ లారీలు

హైదరాబాద్-విజయవాడ హైవే మీద ఉన్న కోదాడలో, పక్కనే మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల పుణ్యమా అని లారీ బతుకుతెరువు పెద్దది. పది లారీల వరకు ఉన్న యజమానికి 44ఏఈ ఉంది. మొత్తం బరువు 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు రూ.1,000, అంతకంటే చిన్న బండికి నెలకు రూ.7,500 ఆదాయంగా చూపాలి. ఇక్కడ బరువు అంటే ఆర్సీలో రాసిన స్థూల బరువు. ఆ రోజు ఎంత లోడు ఎత్తారన్నది లెక్కలోకి రాదు.

ఆర్సీలో 35 టన్నులున్న లారీకి నెలకు 35 వేలు, ఏడాదికి 4 లక్షల 20 వేలు. రెండు లారీలుంటే 8 లక్షల 40 వేలు, పన్ను సున్నా. మూడుంటే 12 లక్షల 60 వేలు. స్లాబుల ప్రకారం రూ.69,000 రావాలి. అయితే 12 లక్షలకు కాస్త పైన ఉన్నవాళ్లకు ఇచ్చే ఊరట వల్ల, దాటిన 60 వేలకు మించి పన్ను వేయరు. సెస్సుతో రూ.62,400 కట్టాలి. ఫైనాన్స్ వడ్డీ, తరుగుదల, డీజిల్, టైర్లు ఇందులోంచి మళ్లీ తీసేసుకోవడానికి వీల్లేదు. బండ్లు నష్టంలో నడిచిన ఏడాది ఈ పద్ధతి వదిలి పద్దులు రాసి ఆడిట్ చేయించుకుంటేనే ఆ నష్టం కాగితం మీదకు వస్తుంది. కిస్తీలు కట్టలేక బండి తాళం ఇచ్చేసే రోజుల్లో చాలామందికి ఆ ఆలోచన రాదు, చెప్పే మనిషీ దొరకడు.

ప్రామిసరీ నోటు, నోట్ల కట్ట

నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పులు నడిచే ప్రాంతం మనది. రూ.20,000, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదు, నగదుగా తిరిగి కట్టకూడదు. తప్పితే తీసుకున్నంత జరిమానా పడొచ్చు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరూ వ్యవసాయాదాయం మీదే బతికేవాళ్లయి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతేనే నగదుగా తీసుకోవడానికి మినహాయింపు. వచ్చిన వడ్డీ మాత్రం ఆదాయమే, రిటర్నులో చూపాలి.

ఒక మనిషి నుంచి ఒకే రోజు 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం కూడా నిషిద్ధం. జరిమానా తీసుకున్నవాడికే, అంతే మొత్తం. రైతుకు నగదుగా చెల్లించినందుకు మిల్లరు ఖర్చును పన్ను అధికారులు కొట్టేయరు, దానికి ప్రత్యేక మినహాయింపు ఉంది. కానీ పంట డబ్బు 2 లక్షలు నగదుగా పుచ్చుకున్న రైతు ఇబ్బందుల్లో పడతాడు. వడ్ల డబ్బు బ్యాంకులో వేయమని అడగడం రైతుకే రక్షణ.

ఆరు కిలోమీటర్లు, రెండు కిలోమీటర్లు

పొలం అమ్మితే పన్ను లేదన్నది ఇంకో సగం నిజం. పల్లె పొలానికే ఆ వరం. మున్సిపల్ హద్దుల్లోపల ఉన్న పొలానికి అది లేదు. 2011 జనాభా లెక్కల్లో సూర్యాపేట, మిర్యాలగూడ మున్సిపాలిటీలు రెండూ లక్ష దాటాయి. అందుకని వాటి హద్దు నుంచి 6 కిలోమీటర్ల లోపు భూమి పన్ను కిందికి వస్తుంది. లక్షకు చాలా లోపే ఉన్న కోదాడకు 2 కిలోమీటర్లే. దూరాన్ని రోడ్డు మీద కొలవరు, తిన్నగా గాలిలో గీత గీసినట్టు కొలుస్తారు. కొత్త జనాభా లెక్కలు వస్తే కోదాడ గీత మారవచ్చు. అమ్మే ముందు తహసీల్దారు దగ్గర దూరం ధ్రువపత్రం తీసుకోవడం మంచిది.

పన్ను పడే పొలమైతే, రెండేళ్లు దాటి చేతిలో ఉన్నదానికి లాభం మీద 12.5 శాతం. 2024 జూలై 23కు ముందు కొన్న భూమికి ధరల సూచీ లెక్కతో 20 శాతం కట్టే పాత దారి కూడా ఉంది. రెండింట్లో ఏది తక్కువైతే అది. ఈ లాభానికి 12 లక్షల రిబేటు వర్తించదు, ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతింటున్నారు. అమ్మకానికి ముందు రెండేళ్లు తాను గానీ తల్లిదండ్రులు గానీ సాగు చేసిన పొలమై, రెండేళ్లలో వేరే పొలం కొంటే 54బీ కింద మినహాయింపు ఉంది.

రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారే డబ్బు ఇంకొకటి అన్న అలవాటు హైదరాబాద్-విజయవాడ హైవే పొడవునా పాతుకుపోయింది. అది చట్టవిరుద్ధమన్నది అందరికీ తెలుసు. అమ్మేవాడికి జరిగే నష్టమే కనిపించడం లేదు. లెక్కలో లేని ఆ నోట్ల కట్టతో ఆయన వేరే పొలం కొన్నట్టు చూపి మినహాయింపు పొందలేడు, బ్యాంకులో వేయలేడు, పిల్లల పైచదువుకు విదేశాలకు పంపలేడు. అడ్వాన్సుగా 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే జరిమానా కూడా పడొచ్చు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల ప్లాటు కొనేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. 50 లక్షలు, ఆపైన ఆస్తికి కొనేవాడు 1 శాతం పన్ను (టీడీఎస్) కోసి కట్టాలన్న సూత్రం ఎన్నారై దగ్గర పనికిరాదు. అక్కడ కోత చాలా ఎక్కువ. కోయకపోతే బాధ్యత కొన్నవాడిదే.

పన్ను సున్నా అయినా

ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి. ఆదాయం తక్కువే అయినా వ్యాపారం 60 లక్షలు దాటితే, ఏడాది కరెంటు బిల్లు లక్ష దాటితే, విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చు పెడితే వేయాల్సిందే. డాలస్‌లో ఉన్న కూతురి పురిటికి సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చిన తల్లిదండ్రులు ఈ జాబితాలో ఉన్నామని అనుకోరు.

ఉద్యోగులకు ఒకే మాట. ‘నూటికి ఇంత ఇవ్వండి, రీఫండ్ తెప్పిస్తా’ అనేవాళ్లను దగ్గరికి రానీయకండి. లేని అద్దె, కట్టని విరాళం, లేని రోగం చూపిన బోగస్ క్లెయిముల మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జూలై 14న దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలకు జరిమానా, ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు. అది పడేది రిటర్ను మీద పేరున్న మనిషికే, నింపి ఇచ్చినవాడికి పడదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. అయినా 2025-26లో సంపాదించినదానికి పాత చట్టమే, పైన చెప్పిన నంబర్లే. గడువు తేదీలు ఏడాదికోసారి మారుతుంటాయి కనుక మీకు వర్తించే తేదీని ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోనే చూసుకోండి. రిటర్ను వేయడానికి ముందు అదే పోర్టల్‌లో ఏఐఎస్, అంటే వార్షిక సమాచార నివేదిక, తెరవండి. బ్యాంకులో పడిన వడ్డీ, సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు దాటిన నగదు జమలు, 30 లక్షలు దాటిన రిజిస్ట్రేషన్లు అన్నీ అందులో ముందే ఉంటాయి. లాగిన్, పాస్‌వర్డ్, ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు మీవే ఉండాలి, ఫైలింగ్ సెంటరువి కాకూడదు. వేసిన రిటర్ను కాపీ అడిగి తీసుకోండి, వ్యవసాయాదాయం గడిలో అంకె ఉందో లేదో మీ కళ్లతో చూడండి. 30 రోజుల్లోగా ఈ-వెరిఫై చేయకపోతే సకాలంలో వేసిన రిటర్ను కూడా ఆలస్యపు రిటర్ను కిందికి పోవచ్చు.