బడి ఆయాకు జబ్బు చేస్తే జీతం ఎవరిస్తారు?



మన నూజివీడు ప్రాంతంలో బడుల్లో పనిచేసే ఆయాలకు, స్వీపర్లకు, వంటమనుషులకు డాక్టరుగారు గర్భసంచి ఆపరేషను రాసిస్తే వారు చెప్పే మాట ఒకటే. "వేసవి సెలవుల్లో చేయించుకుంటానమ్మా." వేసవి వచ్చేసరికి మామిడి కోతలు. తోటలో దొరికే ఆ కాస్త కూలి ఎలా వదులుకుంటారు? జూన్‌లో మళ్ళీ బడి. ఈలోగా రక్తస్రావంతో ఒంట్లో రక్తం తగ్గిపోతూ ఉంటుంది. వీరికి ఆపరేషనంటే భయం లేదు, పడుకున్న రోజులకు జీతం రాదన్నదే బాధ.

అయితే కొందరికి వస్తుంది. ఆ సంగతి జబ్బు చేయకముందే తెలుసుకోవాలి.

మీరు పనిచేసే ప్రైవేటు బడిలో 10 మంది లేక అంతకు మించి సిబ్బంది ఉండి, మీ జీతం నెలకు 21,000 రూపాయలు మించకపోతే ఇఎస్ఐ వర్తిస్తుంది. 8,000 జీతానికి మీ వాటా 60 రూపాయలు, యాజమాన్యం వాటా 260. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉంటే, ఆ తర్వాత జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. క్షయ వంటి దీర్ఘరోగాలకు, రెండేళ్ళ సర్వీసు ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం, 80 శాతం చొప్పున ఇస్తారు. కాబట్టి జీతంలో ఇఎస్ఐ కోత ఉందా అని ఆఫీసులో అడగండి. కోత ఉంటే మీ నంబరు రాసి తీసుకోండి.

కాన్పుకు 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవు ఉంది. ఇప్పుడిది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో భాగం. ఇఎస్ఐ లేని చోట, అంతకు ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే బడివారే చెల్లించాలి. ఇద్దరు బిడ్డలున్న తల్లికి 12 వారాలు, గర్భస్రావమైతే 6 వారాలు. ఆ సెలవులో ఉండగా పనిలోనుంచి తీసేయడం చట్టవిరుద్ధం. ఇది తెలియక తన బదులు తోటికోడలిని పంపి పని నిలబెట్టుకునేవారున్నారు. భార్య కాన్పుకు వాచ్‌మన్‌కు గానీ, మంచాన పడ్డ అత్తగారిని చూసుకోవడానికి ఆయాకు గానీ ఈ చట్టంలో సెలవు లేదు.

మధ్యాహ్న భోజనం వండే అక్కచెల్లెళ్ళ సంగతి మరీ కష్టం. వారికిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కేంద్రం లెక్క 2009 నుంచీ నెలకు 1,000 రూపాయలే, అదీ ఏడాదికి 10 నెలలు. దానిపైన రాష్ట్రం కొంత కలుపుతుంది. జబ్బు సెలవు మాత్రం లేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. వాంతులు, విరేచనాలు పట్టుకున్న మనిషి అవి పూర్తిగా తగ్గాక కూడా 48 గంటలు వంటపనికి దూరంగా ఉండాలి. టైఫాయిడ్, కామెర్లు అయితే డాక్టరు సరేననే దాకా వెళ్ళకూడదు. రోజు డబ్బు పోతుందని ఆమె వెళ్తే ఆ అన్నం తినేది మన పిల్లలే. హెడ్మాస్టర్లు, తల్లిదండ్రుల కమిటీవారు బదులు మనిషిని పెట్టి, ఆమెకిచ్చేది కోయకుండా ఉండే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

క్షయ ఉన్నవారికి, ఏ పనిలో ఉన్నా, చికిత్స సాగినంత కాలం నెలకు 1,000 రూపాయలు పోషణ కోసం బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు ఇది 500 ఉండేది.

పొట్ట కోసి చేసిన గర్భసంచి ఆపరేషను తర్వాత 6 వారాలు నీళ్ళ బకెట్టు, అన్నం డేగిశా ఎత్తకూడదు. ఈ మాట డిశ్చార్జి చీటీలో రాయించుకుని బడివారికి చూపించండి. ఇఎస్ఐ డబ్బుకు సాధారణంగా ఇఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్టే అడుగుతారు గనుక, మా దగ్గర చేరకముందే అక్కడికి ఒకసారి వెళ్ళి రండి.