బంతి వేయువాడు బ్యాటు పట్టవలెనా?

విశాఖపట్టణమున రైలుమార్గము చెంత కంచరపాలెమను పేట కలదు. సాయంకాలమున బడి విడిచిన పిదప అచ్చటి సందులలోనికి పోయినచో, మూడు కఱ్ఱలు పాతియో, గోడపై బొగ్గుతో మూడు గీతలు గీసియో క్రికెట్టు ఆడుచున్న బాలురు కనబడుదురు. వారి యాటకు అచ్చువేసిన నియమములు లేవు. బంతి గోడ దాటి పరుల యింట పడినచో కొట్టినవాడు ఔటు. జట్టున కొకడు తక్కువైనచో ఒకే బాలుడు రెండు పక్షములకును ఆడును. కాని ఒక్క కట్టుబాటును మాత్ర మెవ్వరును మీఱరు. బంతి వేసిన ప్రతివాడును తన వంతు వచ్చినపుడు బ్యాటు పట్టవలెను. వానికి కొట్టుట చేతకాకపోవచ్చును. మొదటి బంతికే ఔటు కావచ్చును. ఐనను వాని వంతు వానిదే. "వాడెట్లును కొట్టలేడు, వాని వంతు నాకిండు" అని పెద్దవాడెవడైన అడిగినచో కలహము తప్పదు.

ఈ సందులోని కలహమే గొప్ప గొప్ప క్రీడాసంఘములను సైతము చిరకాలము చిక్కుపెట్టినది. బంతి వేయుటయందే నేర్పుగలవానిని బ్యాటు పట్టుమనుట తగునా? వానికి బదులు కొట్టగలవానిని పంపుట మేలు కాదా? అమెరికా దేశీయులు ఈ ప్రశ్నపై దాదాపు అర్ధశతాబ్దము వాదించుకొనిరి. మొదట వారి కథను తెలిసికొని, పిదప మన క్రికెట్టునకు వత్తము.

అమెరికాలో మిక్కిలి వ్యాప్తిలోనున్న ఆటలలో బేస్‌బాల్ ఒకటి. దానిలో జట్టునకు తొమ్మిదిమంది. మైదానము నడుమనున్న మట్టిదిబ్బపై నిలిచి బంతి విసరువానిని పిచ్చరందురు. అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతిని నేలకు తాకనీయక సూటిగా విసరును. క్రికెట్టులో ఒకమారు ఔటైనవాడు ఆ ఇన్నింగ్సులో మరల రాడు. బేస్‌బాల్‌లో అట్లు కాదు. తొమ్మిదిమందియు వరుసగా వత్తురు. వరుస ముగియగానే మరల మొదటివాడు వచ్చును. ముగ్గురు ఔటైనంతనే ఆ జట్టు వంతు తీరిపోవును. కావున వరుసలో బ్యాటు చేతకానివాడొక్కడున్నను, వాడు ఒకే ఆటలో రెండు మూడు మారులు వచ్చి జట్టునకు నష్టము కలిగించును.

పిచ్చర్లలో అధికులు అట్టివారే. వారి శిక్షణ యంతయు బంతి విసరుటకే వినియోగపడును. 2021వ సంవత్సరమున అమెరికాలోని ప్రధాన పోటీలలో బ్యాటర్లందఱును కలిసి సుమారు నాలుగింట ఒకసారి బంతిని చక్కగా కొట్టి స్థానము చేరగా, పిచ్చర్లు సుమారు పదింట ఒకసారి మాత్రమే చేరగలిగిరి.

అచ్చటి పెద్ద జట్లు అమెరికన్ లీగు, నేషనల్ లీగు అని రెండు కూటములుగా నున్నవి. 1973లో అమెరికన్ లీగు వారొక క్రొత్త నియమము చేసిరి. దాని ప్రకారము పిచ్చరునకు బదులుగా బ్యాటు పట్టుటకే ఒకనిని నియమించుకొనవచ్చును; ఆ నియమితుడు మైదానములో బంతిని ఆపుటకు రానక్కఱలేదు. ఆ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన న్యూయార్క్ యాంకీస్ జట్టు వాడగు రాన్ బ్లూంబర్గ్ ఇట్లు బ్యాటు పట్టినవారిలో మొదటివాడయ్యెను. నేషనల్ లీగు వారు దీని కంగీకరింపలేదు. ఒకే దేశములో, ఒకే ఆటకు రెండు రీతులు నడచినవి. 2020లో మహమ్మారి కారణముగ వారును ఆ యొక్క సంవత్సరమునకు దానిని పాటించిరి. 2022 నుండి స్థిరముగా స్వీకరించిరి.

నియమమును కోరినవారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రేక్షకుడు బంతి ఎగిరిపోవుటను చూడగోరును గాని, చేతకానివాడు మూడు మారులు గాలిని కొట్టి తిరిగిపోవుటను చూడగోరడు. పరుగెత్తుటలో పిచ్చరునకు గాయమైనచో జట్టునకు పెద్ద నష్టము. వయస్సు మీఱి పరుగు తగ్గినను చేతి నేర్పు తగ్గని బ్యాటర్లకు మరికొన్నేండ్లు ఆడు అవకాశము దొరకును.

వ్యతిరేకించినవారు మఱియొక విధముగ పలికిరి. ఆట చిక్కులోనున్న వేళ పిచ్చరు వంతు వచ్చినచో నాయకుడేమి చేయవలెను? అతనికి బదులు వేఱొకనిని పంపినచో పరుగు రావచ్చును. కాని తప్పించిన పిచ్చరు ఆ యాటలో మరల బంతి పట్టరాదు. ఏది వదలుకొని ఏది నిలుపుకొనవలెను? ఈ ఆలోచనయే ఆటకు రుచి. అదియునుగాక, తన పని సగమునే చేయువానిని పూర్ణక్రీడాకారుడని యెట్లందుము? గొప్ప బ్యాటరుగా పేరుగన్న బేబ్ రూత్ మొదట పిచ్చరే. ఈనాడు జపాను దేశీయుడగు షోహే ఒహ్‌తానీ రెండు విద్యలయందును ఆరితేరినవాడు. అట్టివాడు బంతి విసరుట చాలించిన పిదపను బ్యాటు పట్టుట కనుకూలముగా 2022లో నియమమునే సవరించిరి.

ఇక క్రికెట్టునకు వత్తము. 2023లో ఇండియన్ ప్రీమియర్ లీగునందు ఇంపాక్ట్ ప్లేయర్ అను ఏర్పాటు వచ్చెను. టాసు వేళ పదకొండుమందితో పాటు అదనముగ ఐదుగురి పేర్లను తెలుపుదురు. వారిలో ఒకనిని ఆట నడుమ దింపవచ్చును. అతనికై తప్పుకొన్నవాడు మరల రాడు. ఇందువలన జట్టు బ్యాటు పట్టునపుడొక బ్యాటరును, బంతి వేయునపుడొక బౌలరును వాడుకొనవచ్చును. ఇది అమెరికా వారి నియమమునకు తమ్ముని వంటిది.

దీని మేలును విశాఖపట్టణమే కన్నులార చూచినది. 2025 మార్చి 24వ తేదీన పోతినమల్లయ్యపాలెమునందలి క్రీడాంగణములో ఢిల్లీ జట్టు, లక్నో జట్టు తలపడినవి. లక్నో వారు 209 పరుగులు చేసిరి. ఢిల్లీ వారు 65 పరుగులకే ఐదు వికెట్లను కోల్పోయిరి. అపుడు ఇంపాక్ట్ ప్లేయరుగా వచ్చిన ఆశుతోష్ శర్మ 31 బంతులలో 66 పరుగులు చేసి, ఔటుగాక నిలిచి, ఒక్క వికెట్టు మిగిలియుండగా జట్టును గెలిపించెను. ఆ నియమమే లేనిచో ఆ సాయంకాలపు ఆనందమును లేదు.

కాని ఆ గెలుపులో మఱియొక ఘట్టము కలదు. చివరి ఓవరులో ఆరు పరుగులు కావలెను; మిగిలినది ఒకే వికెట్టు. బ్యాటు పట్టియున్నవాడు ఆశుతోష్ కాడు, బౌలరైన మోహిత్ శర్మ. మొదటి బంతి అతని బ్యాటునకు తగులలేదు. వికెట్టు కీపరు స్టంపింగు అవకాశమును జారవిడిచెను. రెండవ బంతికి మోహిత్ ఒక్క పరుగు తీసెను. మూడవ బంతిని ఆశుతోష్ సిక్సరుగా కొట్టెను. లోకము సిక్సరును తలచుకొనును. ఆ ఒక్క పరుగు లేనిదే ఆ సిక్సరునకు తావెక్కడిది?

నియమమువలన కీడును కలదు. రెండు పనులును కొంత కొంత చేయగలవాని నేల, ఒక్కొక్క పనికి ఒక్కొక్క నిపుణుడు దొరకుచుండగా? ఇందువలన ఆల్‌రౌండర్లు ఎదుగరని రోహిత్ శర్మ 2024లో బహిరంగముగ చెప్పెను. ఈ ఏర్పాటును తొలుత 2022లో పరీక్షించిన సయ్యద్ ముష్తాక్ అలీ పోటీలనుండి 2024లో దానిని తొలగించిరి.

ఆల్‌రౌండరు విలువ ఎట్టిదో విశాఖ బిడ్డయగు నితీశ్‌కుమార్ రెడ్డి తెలిపెను. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో, బంతియు వేయగల ఆ యువకుడు ఎనిమిదవ స్థానమున బ్యాటు పట్టి 99 పరుగులకు చేరెను. అంతలో తొమ్మిదవ వికెట్టు పడెను. చివరివాడగు హైదరాబాదు బౌలరు మహమ్మద్ సిరాజ్ వచ్చెను. ఆస్ట్రేలియా నాయకుడు కమిన్స్ వేసిన మూడు బంతులను సిరాజ్ అడ్డుకొనెను. అతడు పరుగు చేయలేదు, నిలిచెను, అంతే. తరువాతి ఓవరులో నితీశ్ ఫోరు కొట్టి నూరు పూర్తిచేయగా, ప్రేక్షకులలోనున్న తండ్రి కన్నీరు పెట్టుకొనెను.

ప్రతిసారియు ఇట్లే జరుగునని చెప్పరాదు. 2025 జూలై 14న లార్డ్స్ మైదానమున అదే సిరాజ్ జడేజాకు తోడుగా 30 బంతుల నెదుర్కొనెను. చివరకు అతడడ్డుకొన్న బంతియే వెనుకకు దొర్లి వికెట్టునకు తగిలెను. భారతజట్టు 22 పరుగుల తేడాతో ఓడెను. ఐనను ఆ 30 బంతులసేపు గెలుపెవరిదో ఎవ్వరును నిశ్చయించి చెప్పలేకపోయిరి.

రెండు ఆటల భేద మిచ్చట తెలియుచున్నది. బేస్‌బాల్‌లో బలహీనుడు మాటిమాటికి వచ్చును. నిలిచినంత మాత్రమున జట్టునకు మేలు చేయలేడు. కావున వారు చేసిన మార్పును తప్పుపట్టలేము. క్రికెట్టులో చివరివాడు పరుగులు చేయనక్కఱలేదు. తన వికెట్టును కాపాడుకొని రెండవ కొననున్నవానికి వెన్నుదన్నుగ నిలిచిన చాలును. అది యేర్పడిన పని, గౌరవముగల పని. ఆ పనిని తొలగించినచో ఆట నుండి ఒక ధైర్యమును తొలగించినట్లే.

బాలుర ఆటలోనైతే సందేహమే యుండరాదు. పన్నెండేండ్లవాడు బౌలరగునో బ్యాటరగునో ఎవరు చెప్పగలరు? వాని వంతు వానికీయక, వాని కేమి చేతనగునో తెలియదు. కంచరపాలెపు సందులలోని కట్టుబాటు వ్రాతలో లేకున్నను, న్యాయమునందు మాత్రము లోపము లేదు. రేపటి సాయంకాలము మీ జట్టులో చివరివాడు బ్యాటు చేతబట్టి వెఱపుతో వచ్చునపుడు నవ్వకుడు. అవతలి కొనకు పోయి నిలిచి, "మూడు బంతులు నిలువుము, చాలును" అని ధైర్యము చెప్పుడు.